యాంటీఆక్సిడెంట్ డబ్బాల సంగతి: సంఘం అక్కలకు బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామ సంఘాల అధ్యక్షురాళ్లకు, సంఘం లెక్కలు రాసే వీఓఏలకు, నెలనెలా పొదుపు కట్టే అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

నేను దేవరకొండ దిక్కు ఒక మండల కేంద్రంలో మెడికల్ షాపు నడుపుతున్నాను. చదివింది ఫార్మసీ. మా అత్తమ్మ మీలాగే సంఘం మెంబరు కాబట్టి మీటింగు ముచ్చట్లన్నీ రాత్రి అన్నం దగ్గరికి వచ్చేస్తాయి. ఈ మధ్య వాటిలో ఒక కొత్త ముచ్చట తరచుగా వినపడుతోంది. వాయిదాలు కట్టి, రిజిస్టర్లో సంతకాలు పెట్టి లేచే టైముకు ఎవరో ఒకరు బ్యాగు భుజానేసుకుని వస్తారు. "ఐదు నిమిషాలు కూసోండక్కా, ఆరోగ్యం గురించి చెప్తం" అంటారు. ఆ ఐదు నిమిషాలు గంట దాటుతుంది. ఆఖరికి బ్యాగులోంచి బయటికి వచ్చేది ఒక డబ్బా. అందులో యాంటీఆక్సిడెంట్ గోలీలుంటాయి, లేకపోతే పొడి, లేకపోతే ఏదో అడవి పండు జ్యూసు. కొంటే ఆరోగ్యం, ఇంకో నలుగురితో కొనిపిస్తే కమీషన్.

అడగదలుచుకున్నది ముందే అడిగేస్తాను. ఈ డబ్బాలు అమ్ముకోవడానికి సంఘం మీటింగును వాడుకోనివ్వకండి. వాటి కోసం సంఘం నుంచి అప్పు ఇవ్వకండి. బీడీలు, చుట్టలు తాగేవాళ్లకు, క్యాన్సర్ వైద్యంలో ఉన్నవాళ్లకు మాత్రం మీ చేతులతో అస్సలు అమ్మకండి. ఈ ఆఖరిదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. దాని కోసమే ఈ ఉత్తరం.

"నీ గిరాకీ పోతుందని రాస్తున్నావా" అని ఎవరికైనా అనిపించవచ్చు. నా షాపు అల్మారాలో కూడా విటమిన్ ఇ గోలీలున్నాయి, విటమిన్ సి ఉంది, యాంటీఆక్సిడెంట్లు కలిపిన మల్టీవిటమిన్ సీసాలున్నాయి. కింద రాసేదంతా వాటికీ వర్తిస్తుంది. మీరు నా మాట వింటే నా అమ్మకం కూడా కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

మీటింగుల్లో అందరినీ పడగొట్టేది ఆ గ్లాసు నీళ్ల ఆట. మీలో చాలామంది చూసే ఉంటారు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, పుండ్లకు రాసే అయోడిన్ మందు కొన్ని చుక్కలు వేస్తారు. నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. "ఇది మీ ఒంట్ల పేరుకున్న విషం. మందు కొట్టిన కూరగాయలు, పొగ, కల్తీ నూనె, అంతా గిట్లనే రక్తంల కలుస్తది" అని చెప్తారు. తర్వాత తెచ్చిన గోలీ విప్పి, లోపలి పొడి గ్లాసులో వేసి చెంచాతో తిప్పుతారు. చూస్తుండగానే నీళ్లు తేటపడతాయి. ఆ రాత్రి మా అత్తమ్మ "నా కండ్లతోని చూసిన" అంది. నిజమే, చూసింది. మర్నాడు షాపులోంచి అదే అయోడిన్ మందు, చప్పరించే విటమిన్ సి బిళ్ల ఒకటి ఇంటికి తీసుకెళ్లాను. బిళ్ల నూరి వేస్తే నీళ్లు అట్లాగే తేటపడ్డాయి. బిళ్ల ఖరీదు కొద్ది రూపాయలు. నిమ్మకాయ పిండినా పనైంది, కాకపోతే రసం కాస్త ఎక్కువ పట్టింది.

ఇంటర్లో సైన్సు చదివే పిల్లలను అడిగితే దీని సంగతి చెప్తారు. అయోడిన్‌కు రంగు ఉంటుంది. విటమిన్ సి దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి అయోడైడ్‌గా మారుస్తుంది. అయోడైడ్‌కు రంగు లేదు. గ్లాసులో వేసింది ఎక్కడికీ పోలేదు, కంటికి ఆనకుండా అక్కడే ఉంది. ఆ తేట నీళ్లు మీరు తాగుతారా అని ఆ చెప్పేవాళ్లనే అడిగి చూడండి. గ్లాసుకు కాలేయం లేదు, కిడ్నీలు లేవు, మనకున్నాయి. రోజూ ఒంట్లోని మలినాలను బయటికి పంపే పని అవే చేస్తున్నాయి, ఏ డబ్బా కొనకముందు నుంచీ.

ఫ్రీ రాడికల్స్ అనేవి ఒంటిని పాడుచేస్తాయని, వాటిని అణిచేవే యాంటీఆక్సిడెంట్లని కూడా వాళ్లు చెప్తారు. ఆ ఫ్రీ రాడికల్స్ మాత్రం కల్పన కాదు. తిన్న అన్నాన్ని పీల్చిన ఆక్సిజన్‌తో కలిపి శక్తిగా మార్చుకునేటప్పుడు మన కణాల్లో చురుకైన అణువులు కొన్ని పుడతాయి. పొగ తాగితే ఇంకా ఎక్కువ పుడతాయి. అవి పక్కనున్న కొవ్వును, ప్రోటీన్‌ను, డీఎన్ఏను దెబ్బతీయగలవు. ముసలితనానికి కారణం వీటి దెబ్బలే అని డెన్హమ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1956లో ఒక సిద్ధాంతం చెప్పాడు. డబ్బాల మీద కనిపించే గొప్పలు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. మిగతా సగం కథ మీటింగులో ఎవరూ చెప్పరు. ఈ అణువులను అదుపులో పెట్టడానికి ఒళ్లు తనకు తానే ఎంజైములు తయారుచేసుకుంటుంది. పైగా వీటితో మనకు పనుంది. తెల్ల రక్తకణాలు క్రిములను చంపేది వీటితోనే. కష్టం చేసినప్పుడు కండరాలు గట్టిపడటానికి కబురు అందేది కూడా కొంతవరకు వీటి ద్వారానే.

2009లో వెలువడిన ఒక జర్మన్ పరిశోధన ఈ విషయంలో చెప్పుకోదగ్గది. ఆరోగ్యంగా ఉన్న యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి రోజూ విటమిన్ సి, విటమిన్ ఇ గోలీలు కూడా ఇచ్చారు. గోలీలు లేకుండా వ్యాయామం చేసినవాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. గోలీలు వేసుకున్నవాళ్లలో ఆ మేలు కనపడలేదు. వాళ్లకు షుగర్ లేదు, నిజమే. అయినా షుగర్ ఉందని పొద్దున్నే నడిచి వచ్చి, ఆ వెంటనే ఈ గోలీ మింగే అక్కలు కాస్త ఆలోచించాలి.

ఇక బీడీ సంగతి. పోయిన వానాకాలం మా షాపుకు ఒక పెద్దాయన వచ్చాడు. చొక్కా జేబులో బీడీ కట్ట కనపడుతూనే ఉంది. ఒక డబ్బా కౌంటర్ మీద పెట్టి, "బిడ్డా, ఈ గోలీ ఏస్కుంటే బీడీ ఇసం గుంజుతదట గద, ఇగ తాగొచ్చునా?" అని అడిగాడు. కోడలు సంఘంలో తీసుకుందట. డబ్బా తిప్పి చూశాను. ముందు వైపు పెద్ద పెద్ద అక్షరాలు, ద్రాక్ష గుత్తి బొమ్మ, మెరిసే బంగారు ముద్ర. వెనక వైపు కళ్లద్దాలు పెట్టుకున్నా కష్టంగా కనపడేంత సన్నటి ఇంగ్లీషులో అసలు సరుకు: గోలీకి బీటా కెరోటిన్ (మామిడి, బొప్పాయి లాంటి వాటిలో ఉండే యాంటీఆక్సిడెంట్) 10 మిల్లీగ్రాములు, ఇంకా జింకు, సెలీనియం. రోజుకు రెండు వేసుకోవాలి. ఆ కింద ఇంకా సన్నగా, ఇది మందుగా వాడటానికి కాదు అని.

రోజుకు రెండు అంటే 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్. సరిగ్గా ఇదే మోతాదు మీద ఫిన్లాండ్ దేశంలో పరీక్ష జరిగింది. 1985లో మొదలుపెట్టారు. సిగరెట్లు తాగే మగవాళ్లు, 50 నుంచి 69 ఏళ్ల వయసువాళ్లు, మొత్తం 29,133 మంది. కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగతావాళ్లకు ఏమీ లేని ఉత్త గోలీ. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. ఐదు నుంచి ఎనిమిదేళ్లు నడిచింది. పరీక్ష పెట్టినవాళ్లు మంచి ఆశతోనే పెట్టారు. కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్లలో, రక్తంలో కెరోటిన్ ఎక్కువున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా ఉందని అప్పటికే చూసి ఉన్నారు. కాబట్టి కెరోటిన్‌నే గోలీగా ఇస్తే క్యాన్సర్ తగ్గాలి. 1994లో ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. చావులు కూడా 8 శాతం ఎక్కువే.

ఎక్కడో లెక్క తప్పిందని కొందరు అనుకున్నారు. అమెరికాలో అప్పటికే ఇంకో పెద్ద పరీక్ష నడుస్తోంది. పొగ తాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్‌బెస్టాస్‌తో పనిచేసిన కార్మికులు కలిపి 18,314 మంది. వీళ్లకు బీటా కెరోటిన్ 30 మిల్లీగ్రాములతో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. ఆ పరీక్షను 1996 జనవరిలో, అనుకున్న గడువుకు దాదాపు రెండేళ్ల ముందే ఆపేయాల్సి వచ్చింది. గోలీలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, చావులు 17 శాతం ఎక్కువగా కనపడ్డాయి. ఇక ఇచ్చుకుంటూ పోవడం అన్యాయం అని ఆపేశారు. పొగతో నిండిన ఊపిరితిత్తుల్లో బీటా కెరోటిన్ తానే విరిగిపోతుందని, ఆ విరిగిన ముక్కలు మేలుకు బదులు హాని చేస్తాయని ఒక వివరణ ఉంది.

ఫిన్లాండ్ వాళ్లు తాగింది సిగరెట్, మన పెద్దమనుషులు తాగేది బీడీ, చుట్ట. ఆ తేడా చూసుకుని ధైర్యం చేయడానికి నాకైతే కారణం కనపడదు. ఆయనతో నేను చెప్పింది ఇంతే: "తాతా, బీడీ ఆపితే ఈ గోలీతో పనిలేదు. ఆపకపోతే ఈ గోలీ నీకు ఇంకా ప్రమాదం." ఆయన డబ్బా వంక కాసేపు చూసి, "రెండున్నర వేలు పెట్టింది కోడలు, పారెయ్యమంటవా?" అన్నాడు. కమీషన్ కోసం ఆ డబ్బా అంటగట్టినామెకు ఈ ఫిన్లాండ్ సంగతి తెలిసి ఉండదు. ఆమెకు డబ్బా ఇచ్చినవాళ్లకు తెలియదంటే మాత్రం నేను నమ్మను. 1994 నుంచి ఇది దాచేస్తే దాగేంత చిన్న విషయం కాదు.

పొగ తాగనివాళ్ల సంగతేమిటని అడుగుతారు. అమెరికాలో 22,071 మంది మగ డాక్టర్లు పన్నెండేళ్ల పాటు రోజు విడిచి రోజు బీటా కెరోటిన్ పరీక్షలో ఉన్నారు. మేలూ లేదు, కీడూ లేదు, డబ్బులు దండగ. విటమిన్ ఇ సంగతి ఇంకో రకం. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతుందేమో చూద్దామని 35 వేల మందికి పైగా మగవాళ్లతో 2001లో మొదలుపెట్టిన పరీక్షలో, 2011 నాటికి లెక్క చూస్తే విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. ఇలాంటి పరీక్షలు కుప్పలుగా జరిగాక, 2022లో అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం తేల్చి చెప్పింది: క్యాన్సర్, గుండె జబ్బు రాకుండా ఉండటానికని బీటా కెరోటిన్ గానీ విటమిన్ ఇ గానీ వేసుకోవద్దు.

ఒక చోట మాత్రం మేలు కనపడింది, అది చెప్పకపోతే నేనూ సగం కథే చెప్పినట్టవుతుంది. చైనాలో లిన్‌షియన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి జనం తిండిలో విటమిన్లు బాగా తక్కువ. దాదాపు 30 వేల మందితో జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం కలిపి ఇచ్చినవాళ్లలో చావులు 9 శాతం తగ్గాయని 1993లో ప్రకటించారు. వరి వేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. జింకు లోపమున్న మడిలో జింకు సల్ఫేట్ చల్లితే పైరు తేరుకుంటుంది. లోపం లేని మడిలో చల్లితే డబ్బులు దండగ, మోతాదు మించితే పైరుకే దెబ్బ. ఏ మడికి లోపముందో చూడకుండా ఊరందరికీ ఒకటే బస్తా అమ్మేవాణ్ని మీరు దుకాణం ముందే నిలదీస్తారు.

అందుకే ఈ ఉత్తరం చదివి ఎవరైనా ఏఎన్ఎం పిల్లలకు పోసే విటమిన్ ఎ సిరప్ మానేస్తే నాకు పాపం చుట్టుకుంటుంది. అది లోపం ఉన్న చోట లోపం పూడ్చడానికి సర్కారు ఇచ్చేది, కళ్లను కాపాడేది. గర్భిణులకు ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలూ అంతే, అవి మానకూడదు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన తెలుగాయనే, యల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణులు మానాల్సింది ఎవరో అమ్మిన డబ్బాలోని విటమిన్ ఎ గోలీలు. విటమిన్ ఎ మోతాదు మించితే కడుపులో బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదముంది. అట్లాగే వయసు మీద పడ్డాక కంటి లోపలి పొర దెబ్బతినే జబ్బు ఒకటుంది. అది మధ్య దశలో ఉన్నవాళ్లకు కంటి డాక్టరు రాసే ప్రత్యేకమైన గోలీలు చూపు పోకుండా కొంత కాపాడతాయని 2001లో రుజువైంది. అందులో కూడా, పొగ తాగినవాళ్ల భయంతో, తర్వాతి పరీక్షలో బీటా కెరోటిన్ తీసేసి వేరే పదార్థాలు పెట్టారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. కంటి డాక్టరు చీటీ రాస్తే వాడండి.

క్యాన్సర్ వైద్యంలో ఉన్నవాళ్ల గురించి ప్రత్యేకంగా అడిగాను కదా. మన దిక్కు అంబర్, గుట్కా తిని నోటి క్యాన్సర్ తెచ్చుకున్నవాళ్లు ఎందరో. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడానికి పోయి వస్తున్నవాళ్లు ప్రతి మండలంలో కనపడతారు. ఆ రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని చంపేది చాలావరకు ఫ్రీ రాడికల్స్ పుట్టించే. ఒకవైపు వాటిని పుట్టిస్తూ, ఇంకోవైపు వాటిని అణిచే గోలీలు మింగితే ఏమవుతుంది? కెనడాలోని క్విబెక్‌లో తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందితో పరీక్షించారు. విటమిన్ ఇ ఇచ్చినవాళ్లలోనే చావులు ఎక్కువ తేలాయి. ఇంట్లో క్యాన్సర్ ఉన్నవాళ్లు ఆశతో ఏదైనా కొంటారు. సంఘంలో అందరికీ తెలిసిన విషయమే కాబట్టి ముందు వాళ్ల ఇంటికే డబ్బా పోతుంది. ఆ ఇంటికి పోకుండా ఆపగలిగేది మీరే.

ఫ్లోరైడ్ బాధితుల ఇళ్లకు కూడా ఇట్లాగే పోతున్నారు. మర్రిగూడ, మునుగోడు వైపు కీళ్లు బిగుసుకుపోయి, వెన్ను వంగిపోయి ఏళ్ల తరబడి నొప్పి భరిస్తున్న మనుషులకు "ఫ్లోరైడ్ మొత్తం బయటికి గుంజేస్తది" అని చెప్పడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. వంగిన ఎముకను ఏ గోలీ తిరిగి సాపు చేయలేదు. ఫ్లోరైడ్ లేని నీళ్లు తాగడం, పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ లాంటివి తిండిలో ఉండేట్టు చూసుకోవడం తప్ప అడ్డదారి లేదు.

"మొక్కల నుంచి తీసిందే, ఏం కాదు" అనే మాట కూడా నమ్మకండి. గ్రీన్ టీ సారం గోలీల్లో ఉండే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయం దెబ్బతిన్న గుర్తులు కనపడుతున్నాయని యూరప్ ఆహార భద్రత సంస్థ 2018లోనే చెప్పింది. కూరలో వేసే పసుపుతో భయం లేదు. అదే పసుపు సారాన్ని చిక్కబరిచి, ఒంటికి బాగా పట్టేలా మిరియాల సారం కలిపిన గోలీలతో కాలేయం వాచిన కేసులు ఇటలీలో, అమెరికాలో బయటపడ్డాయి. గుండె ఆపరేషనయ్యి రక్తం పల్చబడే మందు వాడేవాళ్లు విటమిన్ ఇ ఎక్కువ వేసుకుంటే రక్తస్రావం భయం. కిడ్నీలో రాళ్లు పడే తత్వం ఉన్న మగవాళ్లకు విటమిన్ సి గోలీలు మంచివి కావు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: విటమిన్ సి మరీ ఎక్కువైతే వేలి మీద గుచ్చి చూసే షుగర్ మిషన్లు కొన్ని తప్పు లెక్క చూపిస్తాయి.

"అయితే యాంటీఆక్సిడెంట్లు చెడ్డవా?" అని మా అత్తమ్మ అడిగినట్టే మీరూ అడుగుతారు. కూరలో, పండులో ఉన్నంతసేపు వాటితో ఎవరికీ ఇబ్బంది రాలేదు. మామిడిపండు తిన్నా, బొప్పాయి తిన్నా, తోటకూర తిన్నా బీటా కెరోటిన్ వస్తుంది, బీడీ తాగేవాళ్లకు కూడా అది హాని చేయలేదు. తిండిలో అది ఒక్కటే రాదు. పీచు, పొటాషియం, ఫోలేట్, ఇంకా పేర్లు కూడా మనకు తెలియని పదార్థాలెన్నో కలిసి, కొంచెం కొంచెంగా వస్తాయి. కూరగాయలు తినేవాళ్లకు వచ్చే మేలు వాటిలో దేనివల్లో, లేక అన్నీ కలిసినందువల్లో తెలియదు గానీ, ఒక్కదాన్ని పిండి గోలీ చేసినంత మాత్రాన ఆ మేలు రాలేదు. ఈ పొడిలో ఇన్ని వేల యాంటీఆక్సిడెంట్ పాయింట్లు అని కొందరు పట్టిక చూపిస్తారు చూడండి, ఆ లెక్క పరీక్షనాళికలో వేసేది. అమెరికా వ్యవసాయ శాఖ అలాంటి పట్టిక ఒకటి పెట్టి, ఆ అంకెలకు మనిషి ఆరోగ్యంతో సంబంధం లేదని, వాటిని సరుకు అమ్ముకోవడానికి వాడుకుంటున్నారని 2012లో తీసేసింది. మన దగ్గర ఇంకా తిప్పుతున్నారు.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహాల ప్రకారం రోజుకు మనిషి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినాలి. మన పళ్లెం ఒకసారి చూసుకుంటే సిగ్గేస్తుంది. ఇంత అన్నం, దాని మీద పచ్చిపులుసు, పక్కన వేలితో తీసినంత కూర. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం వస్తున్నాయి, సంతోషమే, అన్నం ఇంకో ముద్ద ఎక్కువ పోతోంది. కూర మాత్రం పెరగలేదు. అందులోనూ ఆఖర్న తినేది ఇంటి ఆడమనిషి కాబట్టి ఆ ఉన్న కూర కూడా ఆమెకు మిగలదు. నన్నడిగితే సంఘం మీటింగులో మాట్లాడుకోవాల్సిన ఆరోగ్యం ముచ్చట ఇదీ.

మనకు కరువేం లేదు. నల్లగొండ బత్తాయి లారీలెక్కి ఢిల్లీ దాకా పోతుంది. బాలానగర్ సీతాఫలం, కొల్లాపూర్ మామిడి పేరు చెప్పి వేరే జిల్లాలవాళ్లు కొనుక్కుంటారు. పుంటికూర, గంగవాయిలి కూర, పొన్నగంటి కూర మన గట్ల మీద, మడుల పక్కన వచ్చేవే. పల్లీల్లో, కుసుమ నూనెలో విటమిన్ ఇ ఉంది. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, ఆడమనిషికి రోజుకు కావాల్సింది 65 మిల్లీగ్రాములే. ఆ పెద్దాయన కోడలు పెట్టిన రెండున్నర వేలకు, కిలో అరవై పెట్టి కొన్నా నలభై కిలోల జామకాయలు వస్తాయి. ఆకుకూరను తరిగి కడిగే అలవాటు ఉంటే, కడిగి తరిగే అలవాటుకు మారండి, విటమిన్ సి నీళ్లలో పోకుండా ఉంటుంది. ఈ ఒక్క సలహాకు ఎవరూ కమీషన్ ఇవ్వరు.

కమీషన్ మాట వచ్చింది కాబట్టి. నెలకు కొన్ని వేలు వస్తాయంటే ఆశపడటంలో తప్పు లేదు, కూలి ఎంత వస్తుందో నాకు తెలుసు. కానీ మన ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయి? ఒక్కొక్కరు నలుగురిని చేర్చాలంటే మూడో విడతకే 64 మంది కావాలి, ఐదో విడతకు వెయ్యి దాటుతుంది. చివర చేరినామె చేతిలో డబ్బాలు మిగులుతాయి, సంఘం పుస్తకంలో అప్పు మిగులుతుంది. మనుషులను చేర్చినందుకే డబ్బులిచ్చే పిరమిడ్ పథకాలను 2021లో వచ్చిన ప్రత్యక్ష విక్రయాల నిబంధనలు నిషేధించాయి. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు తగ్గిస్తామని ప్రచారం చేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. డబ్బా మీద మందుగా వాడొద్దని రాసి, మీటింగులో అన్ని జబ్బులూ పోతాయని చెప్పేది అందుకే. రాసింది కంపెనీ మీద ఉంటుంది, చెప్పింది మన ఊరామె మీద పడుతుంది. రేపు ఎవరికైనా ఏదైనా అయితే గల్లా పట్టుకునేది ఆమెనే.

ఇప్పటికే కొన్నవాళ్లకు నాలుగు మాటలు. సీల్ తీయని డబ్బాలుంటే బిల్లు అడిగి, వెనక్కి తీసుకోమనండి. తెచ్చి ఇచ్చినామెతో కొట్లాట పెట్టుకోకండి, ఆమె కూడా అప్పు చేసే తెచ్చి ఉంటుంది. ఆమె పైవాళ్ల నంబరు తీసుకుని గ్రామ సంఘం తరఫున మాట్లాడండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. సీల్ తీసిన డబ్బాలున్న ఇంట్లో పొగ తాగేవాళ్లు గానీ, క్యాన్సర్ వైద్యంలో ఉన్నవాళ్లు గానీ ఆ గోలీలు వాడుతుంటే ఈ రోజే ఆపించండి, ఆస్పత్రికి పోయినప్పుడు ఆ డబ్బా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఆ గోలీల మీద నమ్మకంతో షుగర్ బిళ్లలు, బీపీ బిళ్లలు మానేసినవాళ్లుంటే వాళ్లను ముందు పీహెచ్‌సీకి పంపండి. మిగతావాళ్లు డబ్బా వెనక వైపు ఫోన్‌లో ఫోటో తీసి దగ్గర్లోని ఫార్మసిస్టుకు చూపించి చదివించుకోండి. మా షాపుకు తెచ్చినా చదివి చెప్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు గిరాకీ తక్కువ, అప్పుడైతే తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
దేవరకొండ దిక్కు మెడికల్ షాపు నడిపే మీ చెల్లెలు